ఎవరి దిక్కూ కాని దున్న

నా చిన్నప్పుడు మా ఇంటికి విదేశాంగ మంత్రీ, రక్షణ మంత్రీ ఒక్కరే. ఆయన మా తాతయ్య. పొద్దున్నే బర్రెల పాలు పితికేదీ ఆయనే కాబట్టి, ఆ రెండు శాఖలకూ తీరిక దొరికేది సాయంత్రం పూటే.

పత్తర్‌గట్టి వెనక సందుల్లో మాది పాడి ఇల్లు. ముందున్న ఇరుకు గదులు మావి, వెనకున్న విశాలమైన కొట్టం బర్రెలది. ఇంట్లో ఎవరిది పైచేయో ఆ కట్టడం చూస్తేనే తెలిసిపోయేది. ఇంటింటికీ పాలు పోసి వచ్చాక తాతయ్య అరుగు మీద కూర్చుని ఉర్దూ పేపరు విప్పేవాడు. ఆయన చదివింది నిజాం కాలపు బడిలో. ఉర్దూలో చదివేవాడు, తెలుగులో పోట్లాడేవాడు, బర్రెలతో మాత్రం రెండూ కలిపి మాట్లాడేవాడు.

ఆయన చదువుతుంటే ప్రపంచమంతా నాకు కుస్తీ గోదాలా కనిపించేది. ఒక మూల అమెరికా, ఇంకో మూల రష్యా. ఇద్దరి చంకల్లోనూ బాంబులు. మిగతా దేశాలను ఒక్కొక్కటిగా పిలిచి, నువ్వు ఎవరి దిక్కు అని అడుగుతున్నారు. నిన్నగాక మొన్న సొంత కాళ్ల మీద నిలబడిన మన దేశం మాత్రం, నేను ఎవరి దిక్కూ రాను, ఇద్దరితోనూ మాట్లాడతాను అంటోంది. ఆ వార్త వచ్చినప్పుడల్లా తాతయ్య ఢిల్లీకి వినబడేలా తొడ చరిచేవాడు. ఢిల్లీ నుంచి ఎప్పుడూ జవాబు రాలేదు గానీ కొట్టంలో బర్రెలు తలలు తిప్పి చూసేవి.

ఉర్దూ పేపరు ఆ విధానానికి ఘనమైన పేరొకటి పెట్టింది. గైర్ జానిబ్‌దార్. ఏ పక్కా చేరనివాడని అర్థం. అర్థం తెలియకముందే ఆ మాట నా నోటికి పట్టింది. పట్టడంలోనే కొంచెం తేడా వచ్చింది.

మా కొట్టంలో పుట్టిన దున్న ఆ ఏడాదికి ఎదిగి వచ్చింది. మెడ మీద నూనె రాస్తే అందులో నా మొహం చూసుకుని జడ వేసుకోవచ్చు. దీపావళి మరునాడు మా వైపు పాడి ఇళ్లవాళ్లంతా సదర్ చేస్తారు. దున్నలను కడిగి, కొమ్ములకు రంగులు వేసి, గవ్వల దండలు, నెమలి ఈకలు కట్టి, డప్పులతో చౌరస్తాకు తోలుకొస్తారు. చూడటానికి పండగే. లోపల మాత్రం ఒక లెక్క ఉండేది. ఎవరి దున్న వెనక ఎవరి దున్న నడిస్తే, ఆ ఏడాదంతా ముందువాడి మాటే వెనకవాడి మాట.

మా గల్లీలో ముందు నడిచే ఇళ్లు రెండే. ఒకటి కుస్తీలు నేర్పే తాలీం నడిపే పహిల్వాన్‌ది. బర్రెలు నీళ్లు తాగే బావి ఆయనది. రెండోది చొప్ప దుకాణం పటేల్‌ది. బర్రెలు తినే చొప్ప ఆయనది. అంటే మా మందకు దాహం వేస్తే ఒకరి దగ్గరికి, ఆకలి వేస్తే ఇంకొకరి దగ్గరికి పోవాలి. ఈ ఇద్దరికీ ఒకరంటే ఒకరికి పడదు. ఎందుకో ఇద్దరికీ గుర్తులేదు, కానీ మానేసే ఉద్దేశమూ లేదు.

మా దున్న ఎదిగిందని తెలియగానే మాకు గౌరవం పెరిగింది. పటేల్ ఇంటి నుంచి పల్లిచెక్క బస్తా ఊరికే వచ్చింది. మరునాడే పహిల్వాన్ ఇత్తడి గంటలు పంపాడు. నేను ఆనందంతో గంతులు వేశాను. తాతయ్య రెండూ తీసుకున్నాడు. సాయంత్రానికి రెండిళ్లకూ చెరొక నెయ్యి చెంబు పంపాడు. "ఉట్టిగ ఏదన్న తీస్కుంటే అది గంట గాదు బిడ్డా, పలుపు తాడు," అన్నాడు. నెయ్యి పోయిందని నానమ్మ రెండు రోజులు ఆయనతో మాట్లాడలేదు. విదేశాంగ విధానానికి ఇంట్లో మద్దతు దొరకడం ఎప్పుడూ కష్టమే.

ఒక పొద్దున బర్రెలతో బావి దగ్గరికి వెళ్లాను. పహిల్వాన్ గట్టు మీద కూర్చుని ఉన్నాడు. చుట్టూ తాలీం పోరగాళ్లు, చొప్ప మోసుకుపోతూ ఆగిన పటేల్ మనుషులు.

"ఏం పోరీ, ఈసారి మీ దున్న ఎవరి దిక్కు?" అన్నాడు.

ఈ ప్రశ్న కోసమే పుట్టినట్టు నేను నిటారుగా నిలబడ్డాను. గొంతు సవరించుకుని అందరికీ వినబడేలా చెప్పాను. "మా దున్న గైర్ జాన్‌దార్!"

గట్టు దగ్గరున్న వాళ్లంతా ఘొల్లుమన్నారు. బావి లోపలి నుంచి కూడా నవ్వు వచ్చినట్టు అనిపించింది. ఎందుకంటే నేను ఒక్క 'బ' మింగేశాను. జానిబ్ అంటే పక్క. జాన్ అంటే ప్రాణం. మా దున్నకు ప్రాణం లేదని పండగ ముందు నడివీధిలో చాటింపు వేశాను.

"అరే, అయితే సదర్‌కు తోల్కరాకుండ్రి, పాడె మీద మోస్కరాండ్రి!" అన్నాడు పహిల్వాన్. బద్ధశత్రువులైన రెండు ఇళ్లవాళ్లూ ఒకరి భుజం మీద ఒకరు వాలి మరీ నవ్వారు. ఎన్నేళ్లుగానో కుదరని సయోధ్య నా ఒక్క మాటతో కుదిరింది. నాకు దక్కింది మాత్రం ఏడుపే.

మధ్యాహ్నానికి గల్లీ పిల్లలంతా 'జాన్ లేని దున్న' అని పాట కట్టారు. ఇంటికొచ్చి తాతయ్యకు చెబితే తిడతాడనుకున్నాను. ఆయన కళ్లలో నీళ్లు వచ్చేదాకా నవ్వాడు. ఆ తర్వాత నన్ను దున్న పక్కన నిలబెట్టి, దాని డొక్క మీద నా చెయ్యి పెట్టాడు. ఊపిరికి నా చెయ్యి లేచింది, దిగింది.

"పక్క లేకపోవుడు వేరే, పాణం లేకపోవుడు వేరే. నీకు నోరు జారింది గంతే. కానీ బిడ్డా, వాళ్లు ఉట్టిగ నవ్వలే. ఎవ్వరి దిక్కు రానన్నోనికి సొంత పాణం ఉన్నదా లేదా అని అందరు చూస్తరు. మనదాంట్ల ఉన్నదో లేదో రేపోమాపో తెలుస్తది."

రేపే తెలిసింది. ముందు పహిల్వాన్ కబురు పంపాడు. తన వెనక నడిస్తేనే బావి, లేదంటే పండగ అయ్యేదాకా నీళ్లు లేవు. ఆ సంగతి విని పటేల్ మమ్మల్ని ఆదుకుంటాడని నేను ఆశపడ్డాను. ఆయన ఆదుకోవడానికే వచ్చాడు. అరుగు మీద కూర్చుని, ప్రేమగా, "నా ఎనుక నడువు అన్నా, చొప్పతో పాటు నీళ్లు గూడ తెప్పిస్త. లేకుంటే చొప్ప గూడ బంద్," అన్నాడు. తాతయ్య ఆయనకు చాయ్ ఇచ్చి పంపాడు. చక్కెర మాత్రం నానమ్మ వెయ్యలేదు. అది మా వైపు నుంచి అధికారిక నిరసన.

ఆ రోజు కొట్టం అరుపులు ఇప్పటికీ నా చెవుల్లో ఉన్నాయి. దాహం వేసిన బర్రె అరుపులో రాజకీయం ఉండదు. తాతయ్య తలపాగా చుట్టి, మందను విప్పి, నన్ను ముందు నడిపించాడు. సందులన్నీ దాటి మూసీ నదికి. ఇంతకాలం గడప ముందే బావి ఉందని మేము ఆ దారే మరిచిపోయాం. ఒకచోట తాతయ్యే తప్పిపోయి, బర్రె ముక్కు చాపిన వైపు తిరిగాడు. నీళ్లు కనబడగానే మంద పరుగు తీసింది, వెనకే నేను కేకలు వేస్తూ పరుగెత్తాను. అంత సంతోషం నాకు పండగనాడు కూడా కలగలేదు. ఆ తర్వాత ఆయన ఒక్కడే నయాపూల్ వంతెన దాటి ఉస్మాన్‌గంజ్‌కు పోయి, టోకు దుకాణాల్లో బేరమాడి, తవుడూ చొప్పా బండి కట్టించుకుని వచ్చాడు. పటేల్ దుకాణం ముందు నుంచే వచ్చాడు. బండి కిర్రుమంటుంటే ఇరుసుకు నూనె వెయ్యబోయిన మనిషిని, "ఉండనియ్యి, ఇననియ్యి," అని ఆపాడు.

ఆ చప్పుడు గల్లీ అంతా విన్నది. మాలాగే ఇద్దరి మధ్య నలుగుతున్న చిన్న ఇళ్లు ఉన్నాయి. ఒక్క బర్రె మీద సంసారం లాగే పక్కింటి అక్క అందరికంటే ముందు వచ్చింది. "రేపు మీ మంద ఎంబడి మా బర్రెను గూడ మూసీకి తోల్కపోతవా బాపూ?" అంది. ఆమె వెనక ఇంకొందరు. సదర్‌నాడు మీ వెనకే నడుస్తాం అన్నారు. తాతయ్య ఒప్పుకోలేదు. "ఎనుక ఎందుకు? పక్కపక్కన నడుద్దాం," అన్నాడు.

గొప్ప మాట. నా ఒళ్లు పులకరించింది. పండగనాడు తేలిందేమిటంటే, మా గల్లీలో ఒక బర్రె పడితే రెండో బర్రెకు చోటుండదు. సమానత్వం మా సందులోకి పట్టలేదు. తాతయ్య కాసేపు గడ్డం గోక్కుని, పక్కింటి అక్క బర్రెను ముందు పెట్టాడు. అందరికంటే చిన్న ఇల్లు ముందు, అందరికంటే బలమైన మా దున్న చివర. దున్నలు నడిచే పండగలో పాలిచ్చే బర్రె ముందు నడవడం ఎవరూ చూసి ఉండరు. నేను చెయ్యి పట్టుకుని తాతయ్య పక్కన నడిచాను. పటేల్ పంపిన చెక్క తిని, పహిల్వాన్ పంపిన గంటలు కట్టుకుని, మా దున్న ఆ ఇద్దరిలో ఎవరి వెనకా కాకుండా నడుస్తోంది.

మేము చౌరస్తాలోకి అడుగుపెట్టేసరికి ఒక వైపు నుంచి పహిల్వాన్ దున్న, ఎదురు వైపు నుంచి పటేల్ దున్న ఒకేసారి వచ్చాయి. డప్పులు తారస్థాయిలో మోగుతున్నాయి. రెండు దున్నలూ ఒకదాన్నొకటి చూసి తలలు దించి, గిట్టలతో నేల గీరాయి. డప్పులు ఆగిపోయాయి. వాటి మధ్యలో, పలుపు పట్టుకుని, మా పక్కింటి అక్క.

"నీ దున్నను ఎనుకకు గుంజు!" అని పహిల్వాన్ అరిచాడు. "ముందు నువ్వు గుంజు!" అని పటేల్ అరిచాడు. ఇద్దరిలో ఎవరు ముందు గుంజినా తగ్గినట్టే. అక్క మొహం పాలిపోయింది. ఆ బర్రె పోతే ఆమె పొయ్యి ఆరిపోయినట్టే.

తాతయ్య నా చెయ్యి వదిలేసి, మా దున్న చెవిలో ఏదో అన్నాడు. వరసంతా దాటి దాన్ని మధ్యలోకి నడిపించాడు. పరుగు లేదు, రంకె లేదు. తీరిగ్గా పోయి అక్క బర్రెకు అడ్డంగా నిలబడింది. ఎటూ కొమ్ము తిప్పలేదు, ఎటూ జరగలేదు. నా గుండె మాత్రం డప్పులవాళ్ల బాకీ అంతా తీర్చింది.

"ఇద్దరు ఒక్కపారి గుంజుండ్రి. ఎవ్వరు ముందట గాదు, ఎవ్వరు ఎనుక గాదు," అన్నాడు తాతయ్య. "నేను చూస్తున్న."

ఇద్దరూ ఒకరినొకరు చూసుకుంటూ ఒక్కో అడుగు వెనక్కి లాగారు. అక్క బర్రె పక్కకు వచ్చేసింది. చౌరస్తా అంతా ఒక్కసారిగా అరిచింది. పహిల్వాన్ చెమట తుడుచుకుని, "జాన్ మస్తుగనే ఉన్నది కాకా దీంట్ల," అన్నాడు. దున్నలు చల్లబడింది మా దున్న గాంభీర్యానికి కాదనీ, మధ్యలో ఉన్న ఆడబర్రెను చూసి సిగ్గుపడ్డాయనీ కొందరు తర్వాత అన్నారు. ఇలాంటి వివరాలు చరిత్ర పుస్తకాల్లోకి ఎక్కవు.

మరునాడు బావి తెరుచుకుంది, చొప్ప కూడా వచ్చింది. తాతయ్య రెండిళ్లతోనూ మునుపటిలాగే ఉన్నాడు. కానీ వారానికోసారి, అవసరం లేకపోయినా, మందను మూసీ దాకా నడిపించేవాడు. ఎందుకు తాతా, బావి ఉంది కదా అని అడిగితే, "తొవ్వ మర్వద్దు," అనేవాడు.

ఆ తర్వాత నా జీవితంలో చాలామంది నన్ను ఎవరి దిక్కు అని అడిగారు. ఉద్యోగం చేసిన కచేరీలో అడిగారు, కాలనీలో అడిగారు, సొంత అన్నదమ్ములూ అడిగారు. జవాబు చెప్పే ముందు నేను ఒక్కటే చూసుకుంటాను, ఈ పూట వాళ్లు బావి మూసేస్తే నాకు వేరే దారి ఉందా అని. ఉంటే ఎవరి దిక్కూ కాదని నవ్వుతూ చెబుతాను. లేకపోతే చెప్పులు వేసుకుని, ముందు ఆ దారి వెతకడానికి బయలుదేరతాను.