గొడుగు మర్చిపోయే శెట్టి

ఆదివారం పొద్దున పదకొండు గంటలకు ప్రొద్దుటూరు కల్యాణ మండపంలో, అరవై మంది చూస్తుండగా, రాఘవేంద్రప్రసాద్ గొడుగును మర్చిపోయాడు. గొడుగు ఆయన చంకలోనే ఉంది. ఆయన మర్చిపోయింది ఆ మాటను. డాక్టర్ యాస్మిన్ ఐదు మాటలు చెప్పి, ఐదు నిమిషాలాగి, తిరిగి అప్పజెప్పమంది. గొడుగు, నిమ్మకాయ, రైలు, చెంబు, సింహం.

"రైలు మతికుందమ్మా," అన్నాడాయన మైకులో. "చెంబు గూడా. రైలెక్కినోడు చెంబు ఇడ్సిపెట్టడు గదా. తక్కిన మూడూ ఎర్రగుంట్లలో దిగిపోయినట్లుండాయి."

"చంకలో ఏముంది పెద్దాయనా?"

"ఇదా? ఎండకు తెచ్చుకున్యా."

"దాని పేరు?"

"అదే గదమ్మా నన్నడుగుతాండావు!"

మండపం గొల్లుమంది. నవ్వనిది ఇద్దరే. ఒకరు డాక్టరు, ఇంకొకరు వనిత.

ఒక్కొక్కరికి ఒక్కో పిచ్చి ఉంటుంది. రాఘవేంద్రప్రసాద్‌కు ఉన్న పిచ్చి ఇది: మెదడు ఆరోగ్యం మీద చుట్టుపక్కల ఎక్కడ సభ పెట్టినా భార్యతో సహా బస్సెక్కి రావడం, అందరి ముందూ కుర్చీలో కూర్చోవడం, మర్చిపోవడం. తొండూరులో మర్చిపోయాడు. ఎర్రగుంట్లలో మర్చిపోయాడు. ఇప్పుడు సొంత ఊళ్లో మర్చిపోయాడు.

ఆ సభలు పెట్టేది వనిత. కీళ్లకు, నరాలకు వ్యాయామం చేయించే ఫిజియోథెరపిస్టు. మతి తప్పిన పెద్దలను ఇళ్లలో తలుపేసి ఉంచడం చూసి చూసి, నలుగురిని కూడగట్టి ఈ సంఘం పెట్టింది. ముందుగా తెలుసుకుంటే జబ్బు కొంతైనా నెమ్మదిస్తుందని చెప్పడం ఆమె ఉద్దేశం. వినడానికి వచ్చేవాళ్ల ఉద్దేశం వేరు. రెండు వందల కుర్చీలు వేస్తే అరవై నిండేవి. ఆ అరవైలో సగం మంది షుగరు పరీక్ష ఉచితమని వచ్చేవాళ్లు. తక్కిన సగం పులిహోర వాసనకు వచ్చేవాళ్లు.

"ఎవరైనా ప్రశ్నలు అడగండి," అంటే ఒకామె లేచి, "మోకాళ్లు నొస్తాండాయమ్మా," అనేది.

"మెదడు గురించి అడగవ్వా."

"మెదడు బాగుందిలేమ్మా. దాన్నేం వాడతాండా గనక!"

ఏడాదిగా ఇదే వరస. ఒక్కో సభ అయ్యాక మిగిలిన కుర్చీలను చూస్తూ, ఇక చాలించాలనుకునేది వనిత. ఆ పుండు మీద కారం రాఘవేంద్రప్రసాద్. ఎందుకంటే ఆయనది దొంగ మతిమరుపని ఆమెకు తెలుసు. ప్రొద్దుటూరు బట్టల అంగళ్లలో ఆయన జ్ఞాపకానికి సాటి లేదు. తన అంగడి మెట్లెక్కే మనిషిని చూసి, "రా తల్లీ రా! ఏడేండ్ల కింద మీ చెల్లెలి పెండ్లికి చిలకపచ్చ చీర, కుంకుమరంగు అంచు. యాళకు తొండూరు బస్సు దొరకలేదని వక్క నములుతా కూచున్యావు," అంటాడు. బేరంలో మాత్రం చివరి మాట ఎప్పుడూ కొనేవాళ్లదే. "వచ్చినోళ్లు గెలిచినామనుకొని మెట్లు దిగాల," అనేది ఆయన అంగడి శాస్త్రం.

అంత మతి ఉన్న మనిషి చంకలో గొడుగు పెట్టుకుని గొడుగు గుర్తులేదంటే ఎవరికైనా ఒళ్లు మండదా?

ఆయన భార్య కనకమ్మ ఎప్పుడూ ఆయనకంటే ముందు కుర్చీలో కూర్చుని, డాక్టరుకు తప్ప ఎవరికీ వినపడకుండా అప్పజెప్పి దిగేది. ఆయన మైకు పట్టుకున్నాక ముందెవరు కూర్చున్నారో ఎవరికి పట్టింది? పేర్లు రాసుకునే బల్ల దగ్గర భర్త పేరు అడిగితే పాతకాలం మనిషి కదా, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఆయన్ను మోచేత్తో పొడిచేది. పేరు ఆయనే చెప్పుకునేవాడు. సభ అయిపోయాక మాత్రం ఆమె వనిత చెయ్యి పట్టుకునేది.

"మా ఆయన్ను రోంత చూడమ్మా. మతి శానా తగ్గింది. నాకంటే తక్కువొస్తాండాది." అంటున్నప్పుడు ఆమె మొహం వెలిగిపోయేది. వీధిలో పది మందికీ అదే చెప్పుకునేదట.

జమ్మలమడుగు సభలో ఆయన ఇంకా దిగజారాడు. ఒక్క చెంబే గుర్తుందన్నాడు. సింహాన్ని గుర్తు చేస్తే, "గండికోట లోయలో దూకింది తల్లీ, నేను చూస్తాండగానే," అన్నాడు. మైకు సెట్టు ముజమ్మిల్ నవ్వు ఆపుకోలేక వైరు పీకేశాడు. వెనక వరసలో నిజంగానే పరీక్షకు వచ్చిన ఒక ముసలాయన్ను కొడుకు, "ఇది నాటకం నాయనా, పోదాం రా," అని లేపుకుపోయాడు.

యాస్మిన్ సంచి సర్దుకుంది. "వనితా, ఆయన మళ్లీ కుర్చీ ఎక్కితే నేను రాను. ఇది జబ్బు. సర్కసు కాదు."

డాక్టరు లేకపోతే సంఘం లేదు.

పులివెందుల సభకు వనిత గేటు దగ్గరే కాపు కాసింది. బస్టాండు నుంచి గొడుగు కింద మొగుడూ పెళ్లాలిద్దరూ నడిచి వచ్చారు. కనకమ్మను లోపలికి పంపి, ఆయన్ను ఆపింది.

"మామా, నీ కాళ్లు మొక్కుతా. ఈపొద్దు కుర్చీ ఎక్కొద్దు."

"ఏంటికి తల్లీ?"

"నువ్వెక్కితే డాక్టరమ్మ దిగిపోతాది."

"సరే. ఎక్కను." గొడుగు మడిచాడు. "మీ అత్తను గూడా పిలవొద్దు."

"అత్తనెందుకు?"

"పిలవొద్దంతే."

ఆయన హాస్యమాడకుండా మాట్లాడటం వనిత వినడం అదే మొదలు. బల్ల దగ్గరికి వెళ్లి పాత సభల కాగితాలు తీసింది. రాసింది తన చేతులతోనే. ఒకదాని కింద ఒకటి రెండు పేర్లు. తొండూరు: ఆమెకు నాలుగు, ఆయనకు మూడు. ఎర్రగుంట్ల: మూడు, రెండు. ప్రొద్దుటూరు: మూడు, రెండు. జమ్మలమడుగు: రెండు, ఒకటి.

మతి తప్పుతున్న వాళ్లను వెతకడానికి పెట్టిన సంఘం, నాలుగు ఊళ్లు వెంట వచ్చిన మనిషిని చూడనే లేదు. వనిత కాగితాలు పట్టుకుని గేటు దగ్గరికి వచ్చింది.

"మీ అత్తను బెంగళూరులో సూపిచ్చినాం తల్లీ," అన్నాడాయన కాగితాలు చూడకుండానే. "పోయిన మతి తిరిగొచ్చేది గాదంట. మాత్రలు ఏస్తాండా. నలుగుర్లో తిప్పమనిరి. పెండ్లిండ్లకు రానంటాది. మనవరాలి పేరు మర్చిపోతే ఆడోళ్లు నవ్విరంట. ఈడైతే మర్చిపోయేది తప్పు గాదు గదా అని పిల్చకొచ్చినా. నన్ను గెలిచిందంటే పదైదు దినాలు గలగలా మాట్లాడతాది." గొడుగు పిడి తుడిచాడు. "నాకు తెలిసింది అంగడి తెలివేనమ్మా."

వనిత చెప్పింది విని, యాస్మిన్ కాగితాలను రెండుసార్లు చదివింది. సంచి సర్దుకోలేదు. కళ్లద్దాలు తుడుచుకుని, "కనకమ్మ గారూ, రండి," అంది.

కనకమ్మ కూర్చుంది. ఐదు మాటలు విన్నది. ఐదు నిమిషాలయ్యాక డాక్టరు వంక చూసి, కొంగు కొసను వేలికి చుట్టుకుని, విప్పి, మళ్లీ చుట్టుకుంది. ఒక్కటీ రాలేదు. సున్నా. దిగి ముందు వరసలో తల దించుకుని కూర్చుంది.

రాఘవేంద్రప్రసాద్ కుర్చీ ఎక్కాడు. వనిత కాగితం మీద తను రాసిన సున్నా వంక చూసింది. సున్నాకు కింద ఏముంది? యాభై ఏళ్ల వ్యాపారంలో ఏ శెట్టీ ఇంత దిగువకు బేరం దించి ఉండడు.

"పేరు చెప్పండి," అంది యాస్మిన్, ఎప్పటిలాగే.

ఆయన పైకప్పు చూశాడు. ఫ్యాను చూశాడు. "పేరా? నాదా?"

"మీదే."

"ఉండమ్మా... నోట్లోనే ఆడతాండాది... ఏందప్పా నా పేరు?"

"శెట్టీ, అంగడికి పోయి బోర్డు చదువుకో పో!" అని అరిచాడు ముజమ్మిల్.

"ప్రొద్దుటూరు దాకా యాడ పోదునప్పా? నవ్వే బదులు ఎవరన్నా చెప్పకూడదా?"

ముందు వరసలో కనకమ్మ తల ఎత్తింది. విసుగ్గా లేచింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకోవడం కూడా మర్చిపోయి, పెళ్లయిన నలభై ఆరేళ్లలో మొదటిసారి, సభ మొత్తానికీ వినపడేలా అంది:

"రాఘవేంద్రప్రసాదు! పేరు గూడా మర్చిపోతివా సామీ!"

ఆడవాళ్లు ఈలలొక్కటే తక్కువగా చప్పట్లు కొట్టారు. కనకమ్మకు చేసిన పని తెలిసొచ్చి, కొంగుతో మొహం కప్పుకుని నవ్వడం మొదలుపెట్టింది. కుర్చీలో ఆయన చేతులెత్తి ఆమెకు దండం పెట్టాడు.

"రాయి," అంది యాస్మిన్.

వనిత రాసింది. కనకమ్మ, ఒకటి. రాఘవేంద్రప్రసాద్, సున్నా.