గది మాత్రం చెప్ప

పోశాలు ఎంత రహస్యాన్నైనా కడుపులో దాచుకోగలడు. దాచుకున్నాననే సంగతి మాత్రం దాచలేడు.

రఘునాథపల్లి దాటాక రోడ్డు పక్కనున్న డ్రిప్పు పైపుల కంపెనీకి గేటు కావలి అతడే. ఆ కంపెనీ షేర్లు కొన్నవాళ్లు ముచ్చట్లు పెట్టుకునే ఆన్‌లైన్ వేదిక ఒకటుంది. అందులో ‘గేటుకాడి మనిషి’ అనే పేరుతో రోజూ రాసేవాడు: “ఇయ్యాల క్యాంటీన్ల ఉప్మా. డ్రైవర్ రాంజీ రెండు పళ్లాలు తిన్నడు. గేటుకాడి పిల్లి ఈనింది, మూడు పిల్లలు. పెద్దసారు కారు దిగి ఒక మాటన్నడు. గది మాత్రం చెప్ప.”

ఇక చదివినవాళ్లకు కునుకుంటే ఒట్టు. ఉప్మా అంటే కంపెనీ పొదుపు మొదలుపెట్టిందని ఒకాయన. డ్రైవర్ రెండు పళ్లాలు తిన్నాడంటే దూరపు ఆర్డర్లు వచ్చాయని ఇంకొకాయన. మూడు పిల్లి పిల్లలంటే మూడు కొత్త మిషన్లేనని పటం గీసి మరీ చూపించాడు మరొకాయన.

ఆఫీసు గుట్టు బయటపెడుతున్నదెవరో కనుక్కుని పనిలోంచి తీసేయమని హెడ్డాఫీసు నుంచి సునందకు ఉత్తరం వచ్చింది. ఉద్యోగుల వ్యవహారాలు చూసేది ఆమే. కనుక్కోవడానికేముంది, ఆ పిల్లికి కూడా తెలుసు. పోశాలును పిలిపించింది.

“పోశాలన్నా, గేటుకాడి మనిషి ఎవలు?”

“గది మాత్రం చెప్ప మేడం.”

“గేటుకాడ ఉండేది నువ్వొక్కనివే గదనే.”

“గందుకే చెప్తలేను.”

నవ్వు ఆపుకోవడానికి సునంద రిజిస్టరు తిరగేసింది. “నౌకరి పోయేటట్టుందన్నా. ఇంతకు పెద్దసారు ఏమన్నడు?”

“గొడుగు మర్చిపోయిన అన్నడు.”

“గదేదో రాస్తే గింత లొల్లి కాకపోవు గద.”

“ఆఫీసు మాట బయట పెట్టొద్దని మీరే చెప్తిరి.”

రిపోర్టు రాయాలంటే ఏడాది రాతలన్నీ చదవాలి. రెండు రోజులు కూర్చుని చదివింది. ప్రతి రాత కింద షేర్ల పండితుల వాదులాట, ఆ అడుగున ‘తండా మనిషి’ అడిగే ప్రశ్న: “పిల్లి మంచిగున్నదా? నా పళ్లెం రాంజీ తీసుకున్నడా? రేపు చెప్తవా సారు ఏమన్నడో?”

తండా, పళ్లెం అనేసరికి సునంద పోల్చుకుంది. నర్మెట్ట తండా సేవ్యా. నిరుడు ఇక్కడే లోడు ఎక్కిస్తూ లారీ మీది నుంచి పడి నడుం విరగ్గొట్టుకున్నవాడు. అప్పటి నుంచి ఇల్లు కదలలేదు. ఆమె కూడా పదిసార్లు ఫోన్ చేసి ఊరుకుంది.

పోశాలును మళ్లీ పిలిచింది. “సేవ్యా కోసమా గిదంతా?”

పోశాలు టోపీ తీసి చేతుల్లో తిప్పాడు. “ఎవ్వల ఫోనూ ఎత్తడు మేడం. ఎత్తితే ‘అయ్యో పాపం’ అంటరని. కంపెనీ మాకందరికి ఇచ్చిన పది షేర్లు పెరిగినయా, తగ్గినయా అని గాడ మాత్రం దినాం చూస్తడు. గందుకే గాడ రాసిన.”

“మరి ‘గది మాత్రం చెప్ప’ ఎందుకన్నా?”

“రేపు గూడ చూడాలె గద.”

సునంద రిపోర్టు రాసింది: ఇతడు రాసినవన్నీ ఎదురుగా ఉన్న చాయ్ కొట్టు దగ్గర నిలబడినవాడికి కనబడేవే; గుట్టు ఒక్కటీ బయటపెట్టలేదు; ఇకపై రాయడు. పనిలో పనిగా, గేటు దగ్గర లారీల రిజిస్టరు రాయడానికి కూర్చుని పనిచేసే మనిషొకరు కావాలని కూడా చేర్చింది.

జవాబు వచ్చేదాకా, వారం రోజులు, పోశాలు రాయాల్సినవన్నీ పిల్లికే చెప్పుకున్నాడు. చివరికి పోశాలును ఉంచడానికి, కొత్త మనిషికి, రెండింటికీ హెడ్డాఫీసు సరేనంది.

“రాయనని చెప్పెతందుకు ఒక్కసారి రాస్త మేడం,” అని బతిమాలి ఆమె ఎదుటే రాశాడు: “గిదే ఆఖరు. గేటుకాడ రెండో కుర్చీ ఏసిన్రు. ఎవలికో గది మాత్రం చెప్ప.”

సోమవారం సేవ్యా చేతికర్ర గోడకు ఆనించి, ఆ రెండో కుర్చీలో కూర్చుని, ఒళ్లో పిల్లిని పెట్టుకుని ఫోన్ చూస్తున్నాడు. సునంద గేటు దాటుతుండగా అతని గొంతు వినబడింది.

“పోశాలన్నా, రెండో ఫ్యాక్టరీ వస్తున్నదట. ఫోన్ల ఈళ్లంతా గదే రాస్తున్నరు.”

“గట్లనా? ఎవలికి చెప్పకు,” అన్నాడు పోశాలు.