నవ్వాల్సిన చోటు

సినిమాలు నేను పని చేసుకుంటూ చూస్తాను. చిక్కుడుకాయలు ఒలుస్తూనో, ఉతికిన బట్టలు మడతపెడుతూనో చూడటం అలవాటు. కాబట్టి నా అభిప్రాయాలను ఎవరూ పెద్దగా పట్టించుకోనక్కర్లేదు. సగం సన్నివేశాలు నేను నా చేతుల వైపు చూస్తుండగానే వెళ్లిపోతాయి. ఆ సగాన్ని చెవులతో చూస్తాను.

మా ఆయన చెవులు పనిచేయడం లేదని తెలిసింది కూడా ఒక సినిమా దగ్గరే. ఆయన బొగ్గు బావిలో పైకప్పు చూసే మనిషి. షిఫ్టు మొదలవగానే అందరికంటే ముందు లోపలికి వెళ్లి, కర్రతో కప్పును తట్టి, వచ్చే చప్పుడును బట్టి అది గట్టిగా ఉందో, లోపల పొర విడిందో చెప్పాలి. ఆయన సరే అన్నాకే మిగతావాళ్లు ఆ కప్పు కిందికి వస్తారు. అలాంటి పనిలో ఉన్నవాడికి చెవి పోతే ఏమవుతుందో మా కాలనీలో చిన్నపిల్లలకు కూడా తెలుసు.

నేను బడికి వెళ్లలేదు. మా నాన్న డ్యూటీ దిగి స్నానం చేసి వచ్చాక, చర్చిలో పాడుకునే కీర్తనల పుస్తకం ముందు పెట్టి, ఒక్కో అక్షరం వేలితో చూపిస్తూ నేర్పాడు. ఎంత తోమినా గోరు చుట్టూ నల్లటి గీత పోని వేలు అది. అక్షరాలు కష్టపడి వచ్చినందువల్లనేమో, సినిమా మొదట్లో పేర్లు పడుతుంటే అన్నీ చదువుతాను. పాత సినిమాల్లో కొన్నిటికి వంటవాళ్ల పేర్లు, బట్టలు కుట్టినవాళ్ల పేర్లు కూడా వేసేవారు. ఎవరి అన్నం తిని ఆ పాటలు పాడారో వాళ్ల పేరు పడాల్సిందే కదా. ఇప్పుడు ఆ పేర్లన్నీ చివర్లో, చీమల్లాంటి అక్షరాల్లో పరుగెత్తిస్తున్నారు. కొత్త సినిమాల మీద నా మొదటి ఫిర్యాదు ఇదే.

నలుపు తెలుపు సినిమాల్లో మనుషులు తిన్నగా నిలబడి, ముఖం మనవైపు పెట్టి, మాట పూర్తిగా అంటారు. చనిపోతున్న తల్లి కూడా చెప్పాల్సినవన్నీ చెప్పి, ఎవరి చెయ్యి ఎవరి చేతిలో పెట్టాలో పెట్టి, అప్పుడు కన్నుమూస్తుంది. మా ఇళ్లలో చావులు అట్లా జరగవు. అయినా చూస్తుంటే తృప్తిగా ఉంటుంది. దేవుళ్ల సినిమాలు చిన్నప్పుడు మా ఇంట్లో చూడనిచ్చేవారు కాదు. పక్కింటి గడపలో కూర్చుని చూసేదాన్ని. ఆకాశంలో రెండు బాణాలు ఎదురెదురుగా వచ్చి, ముందు ఎవరు వెనక్కి తగ్గాలో ఆలోచించుకుంటున్నట్టు ఆగిపోవడం నాకు ఇప్పటికీ ఇష్టమే. నా ప్రార్థనకు దానివల్ల ఏ లోటూ రాలేదు.

తర్వాత వచ్చిన రంగుల సినిమాల్లో కథానాయిక మంచు కొండల మీద పల్చటి చీరతో పాడుతుంటే పాట నా చెవికి ఎక్కేది కాదు, ఆ పిల్లకు జలుబు చేస్తుందనే ధ్యాసే. సీరియళ్లలో ఆడవాళ్లు నగలు పెట్టుకుని పడుకుంటారు. ఒక చెంపదెబ్బ పడితే ఇంట్లో ఉన్న అందరి ముఖాలూ ఒకటికి మూడుసార్లు చూపిస్తారు. ఆలోపు పప్పుకు పోపు పెట్టి రావచ్చు, అదొక సదుపాయం. పాటల పోటీల్లో పిల్లలు బాగానే పాడతారు, మార్కులు వేసే పెద్దలే ఏడుస్తారు. మా అమ్మాయి ఫోనులో చూసే కొరియా సీరియల్‌లో వాళ్ల నోట తెలుగు పెట్టారు, తిండి మాత్రం వాళ్లదే. గిన్నె ముందు పెట్టుకున్నాక శ్రద్ధగా తింటారు. అన్నానికి అంత మర్యాద ఇచ్చేవాళ్లను మన సినిమాల్లో చూడలేదు. మనవాళ్లు కంచం ముందు కూర్చోగానే పోట్లాట పెట్టుకుని లేచిపోతారు. ఆ అన్నం ఏమైందో ఎవరూ చూపించరు.

బొగ్గు బావుల మీద కూడా ఈ మధ్య సినిమాలు వస్తున్నాయి. అందులో పైకి వచ్చినవాళ్లకు రెండు చెంపల మీదా సమానంగా మసి ఉంటుంది, వచ్చీరాగానే ఆవేశంగా మాట్లాడతారు. మావాళ్లు పైకి రాగానే నీళ్లు తాగుతారు. ఒక మంచి మాట కూడా చెప్పాలి. ఇదివరకు మా యాసను రౌడీకో, పనిమనిషికో ఇచ్చేవారు. ఇప్పుడు కథానాయికకు కూడా ఇస్తున్నారు. మొదటిసారి విన్నప్పుడు దేవునికి స్తోత్రం అనుకున్నాను.

మా ఆయనకు ఇన్ని అభిప్రాయాలు లేవు. పాతవి మంచివి, కొత్తవి చెత్త.

"పాతోళ్లు మనుషుల లెక్క మాట్లాడేటోళ్లు. గిప్పటోళ్లు నోట్లె నీళ్లు వోసుకున్నట్టు గొణుగుతరు," అనేవాడు.

"గది సహజ నటన బాపూ," అనేది మా అమ్మాయి.

"సహజంగ మనింట్ల మీ అమ్మ గొణుగుతనే ఉన్నది గద. గది సూడనీకి టికెట్ ఎందుకు?"

అందులో న్యాయం ఉందనే నేనూ అనుకున్నాను. కొత్త హీరోలు గొంతులోనే మాట్లాడతారు, అదీ చీకట్లో. ఆయన టీవీ చప్పుడు పెంచేవాడు. అదీ మాకు వింతగా తోచలేదు. మా క్వార్టర్ల వరుసలో మెల్లగా మాట్లాడే మగవాడు ఒక్కడూ లేడు. కింద యంత్రాల మధ్య అరిచి అరిచి, పైకి వచ్చినా ఆ గొంతు దిగదు. కూరలో ఉప్పు అడిగినా పోట్లాటకు వచ్చినట్టే ఉంటుంది. ఏ ఇంటి టీవీ అయినా నాలుగిళ్ల అవతలికి వినిపిస్తుంది. వేరే ఊళ్లో అయితే ఒక మనిషికి చెవి మందగిస్తే ఇట్టే తెలిసిపోయేది. మా దగ్గర అది దాక్కోవడానికి కావలసినంత చోటుంది. గట్టి గొంతును మేమందరం ఆరోగ్యం కింద లెక్కవేసుకున్నాం.

ఒక ఆదివారం చర్చి నుంచి వచ్చి భోజనాలు చేశాక మా అమ్మాయి కొత్త హాస్య సినిమా ఒకటి పెట్టింది. పక్కింటి వదిన కూడా వచ్చి కూర్చుంది. నేను వెల్లుల్లి ఒలుస్తున్నాను. పెళ్లింట్లో దొంగచాటుగా దూరిన ఇద్దరు కుర్రాళ్లు గుసగుసలాడుకునే సన్నివేశం. సినిమా బాగానే ఉంది, బూతు లేదు. మేం ముగ్గురం నవ్వుతున్నాం. పక్క కుర్చీలో ఆయన మాత్రం మా తర్వాత, కొంచెం ఆగి నవ్వుతున్నాడు.

"మనం ఫస్ట్ షిఫ్టుల నవ్వుతె అన్న సెకండ్ షిఫ్టుల నవ్వుతున్నడు సూడు," అంది వదిన.

అందరం మళ్లీ నవ్వాం. ఆయన కూడా, చివరన. నేను వెల్లుల్లి మీద నుంచి తల ఎత్తాను. ఆయన టీవీ వైపు చూడటం లేదు. నా నోటి వైపు చూస్తున్నాడు.

తర్వాతి సన్నివేశంలో ఒక తండ్రి కూతురి పక్కన కూర్చుని ఏదో చెబుతున్నాడు. ముఖం మీద చిన్న నవ్వు ఉంది, చెబుతున్నది మాత్రం ఆ పిల్ల తల్లి ఎట్లా చనిపోయిందో. వదిన అప్పటికే కొంగు కళ్ల దగ్గరికి తెచ్చుకుంది. నేను మా ఆయన వైపు తిరిగి నవ్వాను.

ఆయన నవ్వాడు. తొడ మీద చరుచుకుని మరీ నవ్వాడు.

"ఏందన్నా, పెండ్లాం సచ్చిందని ఆయన చెప్తుంటె నవ్వుతున్నవు?" అంది వదిన.

"ఆఁ ఆఁ, మంచిగ తీసిండు," అన్నాడు ఆయన.

వదినకు కోపం వచ్చింది. మగవాళ్ల గుండె రాయి అని మా అమ్మాయికి చెబుతూ వెళ్లిపోయింది. మా అమ్మాయి చున్నీ సర్దుకుని చర్చిలో పాటల ప్రాక్టీసుకు బయలుదేరింది. నేను ఒలిచిన వెల్లుల్లి లోపల పెట్టి వచ్చి, ఆయనకు ఎదురుగా కూర్చున్నాను.

"నీకు ఇనవడుతలేదు," అన్నాను.

"ఎవరన్నరు?"

"నువ్వే అన్నవు. నేను నవ్వితె నవ్వినవు."

ఆయన రిమోట్ అటూ ఇటూ తిప్పాడు. "సినిమాకు చెవులెందుకే, కండ్లుంటె సాలు."

"సినిమాకు సరే. కప్పుకు?"

"కప్పుకు చెయ్యి ఉంటది. తడితె చేతికి తెలుస్తది. ఇన్నేండ్ల సంది నా చెయ్యి తప్పలే."

"తప్పిననాడు నీ ఒక్కనితోని పోతదా? నీ ఎనక నిలవడేటోళ్ల పెండ్లాలు రోజు నాతోనే నల్లకాడ నీళ్లు పడుతరు. వాళ్లకు నేనేం చెప్పాలె?"

"కప్పు ఇడిచిపెట్టి పైన లాంపుల గదిల కూసోమంటవా? మంది ఏమనుకుంటరు?"

"నెత్తికి పెట్టే లాంపులు ఇచ్చేటోడు లేకుంటె ఒక్కడన్న కిందికి దిగుతడా?"

ఆయన ఛానల్ మార్చి, ఏదో పాత సినిమా దగ్గర ఆపి, దాన్ని కూడా చూడకుండా కూర్చున్నాడు. ఆ సాయంత్రం నేను ప్రార్థనలో ఏమీ అడగలేదు. అడగడానికి భయం వేసింది. ఇంతకాలం ఆ కప్పును, దాని కింద నిలబడ్డవాళ్లను నిలిపినందుకు మాత్రం కృతజ్ఞత చెప్పుకున్నాను. చెబుతుంటే అది ఎంత పెద్ద మేలో అప్పుడు తెలిసింది.

మర్నాడు ఆయనది సెకండ్ షిఫ్టు. పొద్దున్నే టిఫిన్ తిని, ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. ఇస్త్రీ చొక్కా డ్యూటీకి కాదు.

"దవాఖానకు పోతున్న," అన్నాడు చెప్పులు వేసుకుంటూ. "నువ్వు రాకు. నువ్వొస్తె అన్ని నువ్వే చెప్తవు."

దవాఖానలో తనే చెప్పుకున్నాడు. అద్దాల గదిలో కూర్చోబెట్టి పరీక్షలు చేశారు, మళ్లీ రమ్మన్నారు, మళ్లీ చేశారు. ఆ తర్వాత కింది పని తీసేసి పైన లాంపుల గదిలో డ్యూటీ ఇచ్చారు. మొదటి రోజు వచ్చి, తనతో పనిచేసినవాళ్లు వరుసలో నిలబడి తన చేతుల మీదుగా లాంపులు తీసుకున్నారని చెప్పాడు. అందులో ఒకడు "కాకా, గిదైతె ఎలుగుతదా?" అని ఆటపట్టించాడట. ఆ మాట ఆయనకు వినబడిందా, పక్కవాడు చెప్పాడా అని నేను ఆరా తీయలేదు. చెవికి మిషన్ ఇచ్చారు. డ్యూటీలో పెట్టుకుంటాడు. ఇంటికి వస్తే దురద పెడుతుందని తీసి టీవీ మీద పెడతాడు.

అందుకని ఇప్పుడు ఇంట్లో సినిమా చూడటం నెమ్మదిగా సాగుతుంది. ప్రతి మాటకూ నన్ను అడుగుతాడు, ఎవరున్నా సరే, దాపరికం లేకుండా. నేను పని పక్కన పెట్టి చెబుతాను. కొత్త సినిమాలు మునుపటి అంత చెత్త కాదని ఆయన అభిప్రాయం మారింది. నేను చెప్పే సినిమా, అక్కడ నడిచే సినిమా ఒకటి కాదని ఆయనకు మొన్నటిదాకా తెలియదు.

మొన్న ఒక సినిమాలో కథానాయిక తన ఇంటి మీదికి వచ్చినవాడి ముందు వేలు ఊపుతూ చాలాసేపు మాట్లాడింది.

"ఏమన్నది?" అన్నాడు.

"మా ఇంటికి రావద్దన్నది."

"గంతసేపు తిట్టింది. గింతనేనా?"

"గంతే. మిగతది మనకెందుకు?"

ఆయన నా ముఖం వైపు అనుమానంగా చూశాడు. తర్వాత మా అమ్మాయి వైపు తిరిగి, "నువ్వు చెప్పు బిడ్డా," అన్నాడు.