భోపాల్ చేరని అర్జీ

మంగళవారం పొద్దున పక్క క్వార్టర్ మావయ్య పోయాడు. డ్యూటీ దిగి వచ్చిన మా నాన్న గుమ్మంలోనే నిలబడి, "మీ మావయ్య ఎలిపోనాడ్రా" అన్నాడు. ముందు రోజు సాయంత్రమే ఆయన నాతో, అర్జీ మళ్లీ రాద్దామన్నాడు. చూద్దాంలే అని నేను లోపలికి వెళ్లిపోయాను.

మాకు చుట్టరికం లేదు. మా నాన్నా, రిటైరయ్యేదాకా ఆయనా, ఒకే రైల్వే షెడ్‌లో ఫిట్టర్లు, అంతే. ఆయనకు మిగిలింది ఒక్క తమ్ముడు. గతౌరా స్టేషన్ దగ్గర గ్యాంగ్‌మన్‌. పట్టాల మీద పని చేసొచ్చి, ఒక చిలుం గంజాయి పీల్చి పడుకునే మనిషి. ఆ గంజాయి ఒకప్పుడు సర్కారు లైసెన్సు దుకాణంలోనే దొరికేది. తర్వాత ఢిల్లీలో చట్టం మారింది. జేబులో చిటికెడు పొట్లంతో దొరికి, అది తను పీల్చుకోవడానికేనని కోర్టులో రుజువు చేసుకోలేక, ఏళ్ల శిక్ష పడి జైలుకెళ్లాడు.

"నాను దాన్ని మంచిదననురా. గానీ లారీతో అమ్మీవోడూ, చిలుం పీల్చీవోడూ ఒకటేనేటి?" అనేవాడు మావయ్య.

ఆ ఒక్క మాట, మేం బతకవచ్చిన ఈ రాష్ట్రపు రాజధాని భోపాల్‌లో, అసెంబ్లీలో వినబడాలని ఆయన పట్టుదల. చట్టం సడలించమని అసెంబ్లీ ఢిల్లీకి తీర్మానం పంపాలని అర్జీ. హిందీలో రాసింది నేను. చదివిన యూనియన్ కరపత్రాలన్నీ అందులో గుమ్మరించాను. ఆయన సగం కొట్టించేశాడు. "కోపం నీ దగ్గరుంచుకో అల్లుడూ. కాయితం మీద పని ఎట్టు."

ఊళ్లోనే తోర్వా పేటలో ఎమ్మెల్యే ఇంటికి వెళ్లాం. "దాదా, మీరూ దమ్ము లాగుతారా?" అని హిందీలో నవ్వాడాయన. బీడీకే దగ్గొస్తుంది సాబ్ అన్నాడు మావయ్య. సమావేశాల లోపు సంతకం చేసిన కాగితం తన చేతికిస్తే ప్రశ్న వేస్తానని ఎమ్మెల్యే మాటిచ్చాడు.

సమావేశాలు మొదలయ్యాయి, ముగిశాయి. అర్జీ ఏదంటే, "ఎప్పుడో ఎల్లిందిరా" అన్నాడు మావయ్య. ఎక్కడికి? తన పాత షెడ్ ఫోర్‌మన్ బల్ల మీదికి. సెలవు చీటీ నుంచి పింఛను దాకా ఏ కాగితమూ పై అధికారి చేతి మీదుగా తప్ప పంపని మనిషి. రిటైరయ్యాక కూడా సర్కారుకి సరాసరి రాయకూడదనుకున్నాడు. మూడు ప్రతులు తీసి, పైన 'త్రూ ప్రాపర్ ఛానల్' అని నాచేత రాయించకుండా తనే రాసుకున్నాడు. అవి ఇప్పటికీ ఏ బీరువాలో ఉన్నాయో.

వీధంతా వినేలా అరిచాను. "నీ తమ్ముణ్ణి నువ్వే లోపలుంచావు" అన్నాను. ఆయన "అచ్ఛా. మల్లీ రాద్దుం" అన్నాడు. ఎమ్మెల్యే మాత్రం మళ్లీ మమ్మల్ని లోపలికి రానివ్వలేదు.

ప్రతి ఆదివారం మరమరాల సంచితో ఇద్దరం జైలుకి వెళ్లేవాళ్లం. గేటు దగ్గర ఆయన చెప్పులు విప్పేవాడు. సెంట్రీలు నవ్వేవారు. "జైలుకేటి మావయ్యా?" అంటే, "లోపల తమ్ముడున్నాడు కదరా" అనేవాడు. వంగి ఆ తోలు పట్టీ విప్పుకునేసరికి ఆలస్యమయ్యేది. నేను ముందు వెళ్లి ములాఖత్ గది ఇనుప జాలీ దగ్గర నిలబడేవాణ్ణి.

మావయ్యకు కొరివి మా నాన్న పెట్టాడు. తమ్ముడికి నేను చెప్తానన్నాను.

ఈ ఆదివారం ఒక్కణ్ణే వెళ్లాను. ఏమని చెప్పాలో దారంతా వెతుక్కున్నాను. నేను చదివిన ఏ కరపత్రంలోనూ ఆ వాక్యం లేదు. జాలీ అవతల తమ్ముడు మరమరాలు అందుకుని, "అన్నయ్య చెప్పులిప్పుతున్నాడేటి?" అని, నా భుజం మీదుగా గేటు వైపు చూస్తూ నిలబడ్డాడు.