రోడ్డుకు కనబడని పొగగొట్టం

గోళ్ల సందుల్లోంచి మట్టి వాసన పోవడం లేదు. మూడుసార్లు సబ్బుతో కడిగాను. కొత్త పొయ్యి కోసం ఎర్రమట్టి, పేడ, జొన్నపొట్టు కలిపి తొక్కి, తడి గోనెసంచి కప్పి వంటింటి మూలన పెట్టి వచ్చాను. ఆ వాసన నాతోపాటే ఈ గదిలోకి వచ్చి కూర్చుంది. పక్కన పాప నిద్రపోతోంది. తొమ్మిది నెలల పిల్ల, పది రోజులుగా దగ్గు. రాస్తూ రాస్తూ ఎడమచెయ్యి దాని ఛాతీ మీద పెట్టి ఊపిరి లెక్కపెడుతున్నాను. మా అత్తగారింటి వంటింట్లో పొగ బయటికి పోయే దారి లేదు. వికారాబాద్‌లో గ్యాస్ కోసం పేరు రాయించి రెండేళ్లయింది. రేషన్ కిరోసిన్ నెల సగానికే అయిపోతుంది. మిగతా రోజులన్నీ కందికట్టెలే. రేపు తెల్లవారాక ఆ వంటింటి గోడకు చిల్లు పెట్టబోతున్నాను. మామయ్య వద్దన్నారు. నేను పుట్టు పిరికిదాన్ని. అయినా పెడతాను. ఈ మొండితనం నాకు హాజిరాబీ దగ్గర అబ్బింది. ఆమెను మీరెవరూ చూసి ఉండరు, అందుకే రాస్తున్నాను.

ఎనభైల మొదట్లో హైదరాబాదులో హోమ్ సైన్స్ డిగ్రీ ముగించి వచ్చిన నాకు, పల్లెల్లో పొగరాని పొయ్యిలు కట్టించే పథకంలో తాత్కాలిక ఉద్యోగం దొరికింది. బంట్వారం దగ్గర ఒక కురుమల వాడ నా వంతుకు వచ్చింది. గొర్రెలు కాసుకునే తొమ్మిది ఇళ్లు. కరెంటు స్తంభాలు ఊరి దాకా వచ్చి ఆ వాడ ముందు ఆగిపోయాయి. పొయ్యిలు కట్టడానికి తాండూరు నుంచి మేస్త్రీని పంపుతామన్నారు. బస్సులోంచి దిగింది నడివయసు ఆడమనిషి. కొంగు నడుముకు బిగించి, భుజాన సంచీలో తాపీ, గుండు దారం వేసుకుని, నన్ను కింది నుంచి పైదాకా చూసి, "పొయ్యి కట్టిచ్చే అమ్మవు నువ్వేనా? నీ చేతులకు ఒక్క మసి మచ్చ లేదేం బిడ్డా?" అంది. హాజిరాబీ భర్త తాండూరు గనుల్లో బండలు కొట్టి కొట్టి, దుమ్ము ఛాతీలో పేరుకుని పోయాడట. గని పని లేని రోజుల్లో ఆయనతో కలిసి ఊళ్లు తిరుగుతూ గోడలు కట్టడం నేర్చుకుందట. "రాతి దుమ్ము ఆయన్ను తిన్నది. పొగను మాత్రం నా కండ్ల ముంగట ఎవల్నీ తిననియ్య" అంది. ఆ మాట చెప్పేటప్పుడు ఆమె గొంతులో ఏడుపు లేదు, కోపం ఉంది. ఆ రోజు నుంచీ నేను ఆమెను ఖాలా అని, అంటే పిన్నీ అని పిలిచాను.

మొదటి ఇల్లు మల్లమ్మది. ఇరవై ఏళ్లుంటాయేమో, చంకలో పిల్లవాడు, ఎప్పుడూ ఎర్రగా ఉండే కళ్లు. పుస్తకం పట్టుకున్న ఆడది ఎవరైనా ఆమెకు పంతులమ్మే. లోపలికి అడుగు పెట్టబోతే ఆమె అత్త గడపకు అడ్డం కూర్చుంది. "సాయెబులామె చేతి పొయ్యి మీద మేము వండుకుంటమా?" అని అడిగింది. నాకు చెమటలు పట్టాయి. హాజిరాబీ గడప ముందే చతికిలబడి, గోడను తాపీతో టకటకా కొట్టింది. "అవ్వా, గీ గోడకు మూలరాయి పెట్టిందెవలు? పదేండ్ల కింద నేనూ మా ఆయినే గదా. నా చేతి గోడల నడుమ పండుకుంటవు, మనుమణ్ని ఆడిస్తవు. నా చేతి పొయ్యి మీద బువ్వ తినవా?" ముసలామె కాసేపు గోడను చూసింది, కాసేపు ఈమెను చూసింది. "నోరు మాత్రం మస్తుగున్నది తల్లీ నీకు" అంటూ కాళ్లు ముడుచుకుని దారి ఇచ్చింది.

ఆ పొయ్యిని నేనిచ్చిన బొమ్మ ప్రకారమే కట్టించాను. చిన్న నోరు, రెండు గుండ్రటి కన్నాలు, వెనక పొగగొట్టం. హాజిరాబీ ఒకటి రెండు సార్లు ఏదో చెప్పబోయింది. నేను బొమ్మ చూపించాను. ఆమె తాపీ అందుకుంది. వారం తరువాత వెళితే పొయ్యి మూతిని ఎవరో గొడ్డలి వెనకవైపుతో పగలగొట్టేశారు. నాకు ఏడుపొచ్చింది. "గీ పొయ్యి మీద రొట్టె పొంగుతలేదు పంతులమ్మా. పొంగని రొట్టె ఎవలు తింటరు? నేనే పలగ్గొట్టిన" అంది మల్లమ్మ. జొన్నరొట్టెను పెనం మీద కాల్చాక, పొయ్యి నోటి దగ్గర నిప్పుల ముందర నిలబెడితేనే పొంగుతుందని నా డిగ్రీలో ఎవరూ చెప్పలేదు. హాజిరాబీ నన్ను ఎగతాళి చెయ్యలేదు. మల్లమ్మ అత్త ఇంకా వాడుతున్న పాత పొయ్యి ముందర పీట వేయించి, నన్ను కూర్చోబెట్టి, తానూ కూర్చుంది. పొగలో దగ్గుతూ, కళ్లు తుడుచుకుంటూ ఇద్దరం చెరొక రొట్టె తిన్నాం. "కట్టేముందు తినాలె బిడ్డా. తినకుంట కడ్తె, ఒకల కొలత తీసి ఇంకొకలకు అంగీ కుట్టినట్టే" అంది. తరువాత మల్లమ్మ చెయ్యి పట్టుకుని మట్టి మీద ఆనించి, బొటనవేలు నుంచి చిటికెనవేలు దాకా గీత గీసింది. "పొయ్యి నోరు గింత. ముందర నిప్పులు లాగనీకె గట్టు నాలుగు వేళ్లంత. నా జానె గాదు, నీ బొమ్మల జానె గాదు. వండేటామె జానె." ఆ వాడలో తొమ్మిది పొయ్యిలూ తొమ్మిది కొలతల్లో లేచాయి. ఏ రెండూ ఒకలా లేవు. అన్నిటి మీదా రొట్టెలు పొంగాయి.

ఆ ఏడు వానలు ఆలస్యమయ్యాయి. మగవాళ్లు మేత కోసం గొర్రెల్ని తోలుకుని దూరం వెళ్లారు. ఒక ఉదయం వెళ్లేసరికి మల్లమ్మ ఇంటి నిండా మళ్లీ పొగ. కప్పు మీద పొగగొట్టం నోట్లో పాత గుడ్డ కుక్కి ఉంది. పిల్లవాడు పొగలో దగ్గుతున్నాడు. ఊపిరితిత్తుల గురించి, కళ్ల జబ్బుల గురించి నేను చెప్పడం మొదలుపెట్టాను. హాజిరాబీ తన పాదంతో నా పాదం నొక్కింది, ఊరుకోమని. మల్లమ్మ పిల్లవాణ్ని చంకనెత్తుకుంది. తల దించుకునే అంది. "మా పొయ్యి ఏ పొద్దు అంటుకుంటదో, ఏ పొద్దు అంటుకోదో ఊరందరికి చెప్పుడెందుకు పంతులమ్మా? పైపు లేనప్పుడు పొగ ఇంట్లనే తిరుగుతుండె. మా ఇజ్జత్ గూడ ఇంట్లనే ఉంటుండె." వీధివైపు కప్పు మీద ఠీవిగా నిలబడిన ఆ గొట్టం, పొగ రాని రోజున ఆ ఇంట్లో గింజలు లేవని అందరికీ చెబుతోంది. నేను దాన్ని చూసి ఎంత గర్వపడ్డానో తలుచుకుంటే సిగ్గేసింది. హాజిరాబీ ఇంటి వెనక్కి నడిచింది. అక్కడ దొడ్డిలో మందతో పోలేని నాలుగు ముసలి గొర్రెలు, ఆ తరువాత గుట్ట. "ఇటు తిప్పుదాం. గొర్లకు తెలిస్తే ఏం గాదు గదా?" అంది. మల్లమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. వారం తిరిగేసరికి తొమ్మిది ఇళ్లవాళ్లూ అలాగే అడిగి వెనక్కి తిప్పించుకున్నారు.

తనిఖీకి ఆఫీసరు జీపులో వచ్చాడు. దిగలేదు. రోడ్డు మీంచి పొగగొట్టాలు లెక్కపెట్టుకుంటూ పోవడం ఆయన పద్ధతి. "ఎక్కడమ్మా మీ పొయ్యిలు? ఒక్క పైపూ కనిపించదే?" అన్నాడు. వెనకవైపు ఉన్నాయని చెప్పాను. "పెద్దవాళ్లు వస్తే వెనకా ముందూ తిరిగి చూస్తారా? వారంలో ముందుకు మార్పించండి." మట్టి చేతులతోనే హాజిరాబీ జీపు దగ్గరికి వచ్చింది. "సారూ, పొయ్యి రోడ్డుకు కట్టినమా, ఇంటికి కట్టినమా? దిగుండ్రి. లోపటికొచ్చి ఒక్క రొట్టె తినుండ్రి. మీ కంట్ల ఒక్క చుక్క నీళ్లొస్తె పొయ్యి నేనే పలగ్గొడ్త." డ్రైవరు నవ్వు ఆపుకోలేక ముఖం పక్కకు తిప్పుకున్నాడు. ఆఫీసరు ఆమె వైపు చూడకుండా నా చేతికి కాగితం ఇచ్చాడు. ముందుకు మారుస్తానని రాసి సంతకం చెయ్యాలి. లేకపోతే నా ఉద్యోగం పొడిగించరు. అది నాకు తొలి ఉద్యోగం. ఆ మాట చెప్పుకునే మా నాన్న వీధిలో తలెత్తుకు తిరుగుతున్నాడు. హాజిరాబీ వైపు చూశాను. "నన్నెందుకు చూస్తవు? చెయ్యి నీది, సంతకం నీది" అంది. గుమ్మంలో మల్లమ్మ పిల్లవాణ్ని ఎత్తుకుని నిలబడి ఉంది. ఆమె నన్ను బతిమాలలేదు. ఊరికే చూస్తోంది. చెయ్యి వణుకుతుంటే కాగితాన్ని జీపు బానెట్ మీద ఆనించి, 'ఇంటివారి కోరిక మేరకు గొట్టాలు వెనకవైపే ఉంటాయి' అని రాసి సంతకం చేశాను.

నెల తిరిగేసరికి ఉద్యోగం పోయింది. గొట్టాలు మాత్రం ఎవరూ తిప్పలేదు. చివరి రోజున తాండూరు బస్టాండులో హాజిరాబీ నాకు తోడుగా నిలబడింది. ఎక్కే ముందు నాకు ఏడుపు ఆగలేదు. "జర సేపు ఏడువు, ఫికర్ లేదు" అంది. "సంతకం చేసేటప్పుడు అంత వణికిపోయాను ఖాలా, ఆఫీసరు చూశాడు" అన్నాను. "చూడనీ. వణుక్కుంట చేసినా సంతకం సంతకమే. కాయిదం మీద వణుకు కనబడ్తదా?" నిజానికి కనబడింది. నా పేరులో చివరి అక్షరం గీతలు గీతలుగా పోయింది. ఆ సంగతి ఆమెకు చెప్పలేదు. తరువాత నా పెళ్లయింది. మళ్లీ కలవలేదు. ఆమె పోయిందన్న కబురు, పోయిన ఆరు నెలలకు గానీ నాకు చేరలేదు.

ఈ పది రోజులూ అత్తమ్మకు పొగ గురించి, పాప ఊపిరి గురించి ఉపన్యాసాలు ఇచ్చాను. ఆమె వినలేదు. ఆ పొయ్యి ముందర కూర్చుని తినకుండానే మళ్లీ కట్టబోతున్నానని నిన్న తట్టింది. ఇవాళ పొద్దున పీట వేసుకుని ఆమె పక్కనే పొయ్యి ముందర కూర్చున్నాను. "నీకు అలవాటు లేదు పిల్లా, బయటికి పో" అంది. పోలేదు. కళ్లు కారుతుంటే రొట్టె మొత్తం తిన్నాను. "ముప్పై ఏళ్లు ఇలా ఎలా కూర్చున్నారు అత్తమ్మా?" అన్నాను. ఆమె రొట్టె తీసి గిన్నెలో వేసింది. పెనం దించి, చేతులు దులుపుకుని, లేచి గోడ దగ్గరికి వెళ్లింది. "కుడి పక్క పెడితే వాన లోపటికొస్తది. ఇటు పెట్టు" అని ఎడమవైపు అరచెయ్యి ఆనించి, వేళ్లు బారచాపింది. మసి అంటిన ఆమె జానె ముద్ర గోడ మీద పడింది. రేపు తవ్వేది సరిగ్గా ఆ ముద్ర మీదే.

తన తండ్రి కట్టించిన గోడ అని మామయ్య మళ్లీ అంటారు. నా చెయ్యి తప్పక వణుకుతుంది. గడ్డపారను గట్టిగా పట్టుకునే చెబుతాను: ముందు ఆ పొయ్యి ముందర కూర్చుని ఒక రొట్టె తినండి మామయ్యా, తరువాత వద్దనండి.