గేటు దాటని గాలిబండి

నాగూర్ వలి గురించి పేటలో ఎవర్ని అడిగినా ముందు నవ్వుతారు. పెట్రోలు లేకుండా గాలితో నడిచే బండి చేశాడని, అది మిల్లు గేటు కూడా దాటలేదని చెబుతారు. రెండూ నిజమే. కానీ గేటు దాటించడానికి ఆయన ఆ బండి చేయలేదు. ఆ సంగతి తెలియకుండా పళ్లికిలించేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. అందుకే ఇదంతా చెబుతున్నాను.

నా పేరు రత్నకుమారి. నరసరావుపేటలో వినుకొండ రోడ్డు మీదున్న పత్తి జిన్నింగ్ మిల్లులో ఆడకూలీల మీద మేస్త్రీని. పొద్దున వాళ్లకు టోకెన్లు ఇవ్వడం, సాయంత్రం తిరిగి తీసుకోవడం, మధ్యలో నోరు చేసుకోవడం నా పని. మా మిల్లు గోడకు అవతల, రోడ్డు పక్కన నాగూర్ వలి పంచర్ షాపు. తొంభై కేజీల మనిషి. ఏదడిగినా ముందు చేతులు గుడ్డకు తుడుచుకుంటాడు, తర్వాతే జవాబు చెబుతాడు. ఆ జవాబు కూడా నాలుగు మాటలకు మించదు.

వాళ్ల నాయన ఇంటింటికీ తిరిగి దూది ఏకేవాడు. వలి మాత్రం మీసాలు రాకముందే వెల్దుర్తి వైపు బావులు తవ్వే పనికి పోయాడు. ఆ మెట్టనేలలో రెండు నిలువుల లోతు దిగితే బండ తగులుతుంది, గడ్డపార దిగదు. ట్రాక్టరు మీద పెట్టిన కంప్రెషర్ నుంచి గొట్టంలో గాలి వస్తుంటే, ఆ గాలి ఊపుతో రాతికి బెజ్జాలు వేసేవాళ్లు. పదకొండేళ్లు ఆయన చేసింది అదే. బండను తొలిచే గాలికి చేతకాని పని లేదని అక్కడే నమ్మకం కుదిరింది. పెళ్లయ్యాక పేటకొచ్చి షాపు పెట్టుకున్నాడు.

ఆయన భార్య సైదాబీ నా దగ్గర పనిచేసేది. నా టోకెన్ల డబ్బాలో తన వక్కాకు దాచుకునేది. డబ్బా అంతా సున్నం మరకలు చేస్తున్నావే అని నేను రోజూ తిట్టేదాన్ని. రోజూ తిట్టించుకునేది, రోజూ దాచుకునేది.

ఎనభై రెండు మార్చిలో పని తెమలడం లేదని షావుకారు పత్తి కుప్ప దాకా ట్రాక్టరు తోలించాడు. దాని పొగగొట్టంలోంచి ఒక్క నిప్పురవ్వ లేచింది. ఎండిన పత్తి మీద మంట నిలబడి కాలదు, పరిగెడుతుంది. కుప్ప మీద ఏడుగురున్నారు. ఆరుగురు వెనక్కి దూకి బయటపడ్డారు. సైదాబీ ముందుకు దూకి, మెషీను గది వైపు పరిగెత్తింది. గది దాకా చేరలేదు.

ఎవరో బీడీ కాల్చారని కాగితాల్లో రాశారు. మా ఆడవాళ్లలో బీడీ కాల్చేదెవరో చూపించమని నేను అడిగాను. నోరు అదుపులో పెట్టుకోమన్నారు. ఆ రోజు అదుపులో పెట్టుకున్నాను, అది నాకు ఇప్పటికీ సిగ్గే.

తర్వాత మూడేళ్లు ట్రాక్టరు లోపలికి రాలేదు. మనిషెత్తు గోనె బోరెంలో పత్తి కూరి, కుప్ప దగ్గర్నుంచి మెషీను గదికి నెత్తిన మోశాం. ఎనభై ఐదులో సైదాబీ కూతురు షకీలా పనికి వచ్చింది. పద్దెనిమిదేళ్లుంటాయి. వలి వద్దన్నాడు. "గోడవతలే గదా నాయనా నువ్వుండేది" అని ఆ పిల్ల టోకెను తీసుకుంది. ఆ టోకెను నేనే ఇచ్చాను.

అదే ఏడు ఏప్రిల్లో షావుకారు మళ్లీ ట్రాక్టరు మాట ఎత్తాడు. అది లోపలికొస్తే మేం రామని నేనే చెప్పాను. రెండు రోజులు పని ఆపేశాం. మూడోరోజు ఆఫీసు గది ముందు మేం కూర్చుని ఉండగా నాగూర్ వలి వచ్చాడు.

"అయ్యా, నిప్పు లేని బండి నేను చేసిస్తా. ట్రాక్టరు ఆపండి" అన్నాడు.

"ఎడ్లబండా?" అన్నాడు షావుకారు. "ఎడ్లు పత్తి మేస్తయ్, పేడేస్తయ్. ఆ ముచ్చట తీరింది మాకు."

"ఎడ్లు కాదయ్యా. గాలితో నడిచేది."

షావుకారు ఫక్కున నవ్వాడు. "గాలి మాటలు చెప్పమాక వలీ."

వలి చేతులు గుడ్డకు తుడుచుకున్నాడు. "మా పిల్ల ఆ కుప్ప మీద పనిచేస్తందయ్యా" అన్నాడు.

షావుకారు నవ్వు ఆపాడు. పది రోజులు గడువిచ్చాడు. ఒక్కసారి గాలి పట్టిస్తే, ఆరు బోరేలతో కుప్ప నుంచి మెషీను గదికి రెండుసార్లు పోయి రావాలి. మధ్యలో ఆగిందా, మర్నాటి నుంచి ట్రాక్టరు వస్తుంది, ఇష్టముంటే పనికి రావచ్చు, లేకపోతే ఈపూరు నుంచి కూలీలను తెప్పిస్తాడు. అన్నమాట మీద నిలబడే మనిషే, మంచికైనా చెడ్డకైనా.

నాలుగోరోజు నేను షాపుకు వెళ్లి చూస్తే మంచం మీద ఇనప ముక్కలన్నీ పరిచి ఉన్నాయి.

"ఏందన్నా ఇది, లారీ పేగులన్నీ తీసి ఆరబెట్టావా?"

"బ్రేకులకు గాలి కొట్టే పంపు చెల్లెమ్మా. పాత లారీది" అన్నాడు. "ఈ చక్రం తిప్పితే గాలిస్తది గదా. మరి గాలిస్తే చక్రం తిరగదా?"

"తిరుగుద్దా?"

"పొద్దున తిరిగింది."

బావులు తవ్విన కాలంనాటి స్నేహితుడొకడు మూలపడేసిన కంప్రెషర్ ట్యాంకు ఇచ్చాడు. దాన్ని పాత జీపు చక్రాల మీదికి ఎక్కించి, పంపు బిగించి, చైను వేశాడు. ఇనుము ఇనుముకు తగిలి రవ్వ లేవకుండా కొక్కేలన్నిటికీ తోలు చుట్టాడు. గాలి పట్టే కంప్రెషర్‌నూ దాని కరెంటు మోటారునూ షాపులోనే ఉంచాడు. గోడకు బెజ్జం పెట్టి గొట్టం ఒక్కటి లోపలికి ఇచ్చాడు. మిల్లు గోడ లోపల వేడయ్యే వస్తువు ఒక్కటీ లేదు.

ఇక నా ఘనకార్యం చెప్పాలి. ఎండాకాలం వస్తే మా పల్నాడులో పంచర్ షాపుల వాళ్లు గాలి ట్యాంకు మీద తడి గోనెలు కప్పుతారు. ఎండకు ట్యాంకు పగులుతుందని భయం. పరీక్ష శనివారం. ఆ పొద్దున వలి లోపల బండి దగ్గర ఉంటే, నేను నలుగురు ఆడవాళ్లను వెంటబెట్టుకుని షాపుకు వెళ్లాను. కంప్రెషర్ చుట్టూ గోనెపట్టలు తెరల్లాగా కట్టించి, పద్దెనిమిది బిందెల నీళ్లు పోయించాను. బండి మీది ట్యాంకుకూ కప్పించాను. మేలు చేస్తున్నాననే అనుకున్నాను. మధ్యాహ్నం దాకా బిందెలు వస్తూనే ఉన్నాయి.

బండి కదిలింది. పొగ లేదు, వాసన లేదు. ముసలి గేదె ముక్కుతో ఊపిరి వదిలినట్టు బుస్సుబుస్సుమంటూ ఆరు బోరేలు మోసుకుని మెషీను గదికి పోయింది, వచ్చింది. రెండోసారి సగం దారిలో మెల్లబడింది. పంపు నుంచి గాలి బయటికొచ్చే గొట్టం మీద తెల్లగా ఏదో పేరుకుంటోంది. ఒకామె ముట్టుకుని చెయ్యి వెనక్కి తీసుకుంది.

"ఐసు. అక్కా, ఐసు" అంది.

నిప్పులు చెరిగే ఎండలో ఐసు. ఆడవాళ్లంతా బండి చుట్టూ మూగి గోళ్లతో గీకి బుగ్గలకు రాసుకున్నారు. బండి రెండు దగ్గులు దగ్గి ఆగిపోయింది. ట్యాంకులో గాలి ఇంకా ఉందని మీటరు ముల్లు చూపిస్తోంది, చక్రం మాత్రం తిరగదు.

"ఐసుఫ్రూట్ బండి పెట్టుకో వలీ, బాగా నడుస్తది" అన్నాడు షావుకారు. తర్వాత నా వైపు తిరిగి, "రేపు సెలవు. సోమవారం ట్రాక్టరు వస్తది మేస్త్రీ" అన్నాడు.

ఆదివారం నేను చర్చికి పోలేదు. షాపుకు పోయాను. వలి ట్యాంకు అడుగున ఉన్న మర విప్పుతున్నాడు. షకీలా చెంబు పట్టింది. గాలితోపాటు నీళ్లు చిమ్మాయి. అర చెంబు నిండింది.

"ఇన్ని నీళ్లెక్కడియ్యి?" అన్నాడు ఆయన తనలో తను. లేచి కంప్రెషర్ వైపు చూశాడు. చుట్టూ కట్టిన పట్టలు ఇంకా చెమ్మగానే ఉన్నాయి. "ఇయ్యి ఎవురు కట్టింది? ఎవురు తడిపింది?"

షకీలా నా మొహం చూసింది. ఆ పిల్లకు తెలుసు, చెప్పలేదు.

"నేనే అన్నా" అన్నాను. "ఎండకు పగులుద్దని."

ఆయన అరిచి ఉంటే నాకు తేలికయ్యేది. చేతులు తుడుచుకుని మెల్లగా చెప్పాడు. కంప్రెషర్ పీల్చేది చుట్టూ ఉన్న గాలినే. తడిగాలి పీలిస్తే ట్యాంకులో తేమ చేరుతుంది. బిగబట్టిన గాలి పంపులోంచి బయటపడేటప్పుడు చల్లబడుతుంది. తేమ ఉంటే అక్కడే గడ్డకట్టి దారి మూసేస్తుంది. "ఎండను మనం పగోడనుకున్నాం చెల్లెమ్మా. ఈ బండికి అదే బలం" అన్నాడు.

నాకు ఏడుపొచ్చింది. దొంగవాడు చేసిన నష్టానికి కేకలేయొచ్చు, మేలు కోరి చేసిన నష్టానికి ఎవరి మీద అరవాలి? కూర్చుని ఏడవకుండా పట్టలు పీకడం మొదలుపెట్టాను. కంప్రెషర్ గాలి పీల్చే చోట గొట్టం తగిలించి, దాన్ని షాపు కప్పు రేకుల పైకి ఎత్తాం. అక్కడ గాలి పెనం మీంచి వచ్చినట్టుంది. ట్యాంకులో, పంపులో ఉన్న చెమ్మంతా పొడి గుడ్డలతో తుడిచి, సాయంత్రం దాకా ఎండలో ఆరబెట్టాం.

సోమవారం తొమ్మిదింటికల్లా గేటు బయట ట్రాక్టరు వచ్చి నిలబడింది. డ్రైవరు ఇంజను ఆపలేదు. ఆ చప్పుడుకు ఆడవాళ్లెవరూ కుప్ప ఎక్కలేదు.

"మజ్జానం దాకా ఆగండయ్యా, ఇంకొక్కసారి నడిపిస్తా" అన్నాడు వలి. "ఎండెక్కాలి."

"ఎండకు నీ ట్యాంకు పేలితే?"

"దానికి వాల్వు పెట్టానయ్యా. ఎక్కువైతే దానంతట అదే వదిలేస్తది."

షావుకారు గడియారం చూసుకుని, భోంచేసి వస్తానన్నాడు. ట్రాక్టరు డ్రైవర్ను ఇంజను ఆపుకోమన్నాడు. అప్పటికి నాకు ఆయన మీద కోపం ఒక వీసమెత్తు తగ్గింది.

పన్నెండున్నరకు బండి మీది ట్యాంకు చెయ్యి పెడితే కాలేలా ఉంది. ఆరు బోరేలు ఎక్కించారు. వలి ఎక్కబోయి ఆగాడు. తనే తొంభై కేజీలు. ఒకటిన్నర బోరెం బరువు ఊరకే ఎందుకు?

"షకీలా, నువ్వెక్కమ్మా" అన్నాడు.

ఆ పిల్ల ఓణీ నడుముకు బిగించి ఎక్కింది. మీట తిప్పింది. నేను టోకెన్ల డబ్బాను పొట్టకు అదుముకుని నిలబడ్డాను. యేసయ్యా అనుకున్నాను, ఆ వెంటనే, చుట్టూ నిలబడ్డ సాయిబుల పిల్లలు తలుచుకునే పేరు కూడా అనుకున్నాను. ఎవరు పలికితే ఏం?

మొదటిసారి పోయి వచ్చింది. రెండోసారి, సగం దారి, శనివారం ఆగిన చోటు. వలి బండిని చూడటం లేదు, గాలి గొట్టాన్ని చూస్తున్నాడు. గొట్టం మీద చల్లటి చెమట పట్టింది, తెల్లబడలేదు. బండి మెషీను గదికి పోయి, తిరిగి వచ్చి, కుప్ప పక్కన నిలబడింది. షకీలా దిగలేదు. అడక్కుండానే బండి మళ్లీ కదిలించి, మూడోసారి కూడా ముప్పావు వంతు దూరం పోయింది.

నవ్విన నాపచేనే పండిందని పక్కనున్నామె అంది. షావుకారు గేటు దాకా నడిచి ట్రాక్టరు డ్రైవరుతో ఏదో చెప్పాడు. ట్రాక్టరు వెనక్కి తిరిగి రోడ్డెక్కింది. మేం కుప్ప ఎక్కాం.

ఆ బండి ఇప్పటికీ మా మిల్లులో నడుస్తోంది. వానాకాలం మొండికేస్తుంది, అప్పుడు ఎలాగూ పత్తి రాదు. రెండుసార్లు పోయి వస్తే మళ్లీ గోడ దగ్గర గాలి పట్టించాలి. షకీలాయే నడుపుతుంది.

రెండేళ్ల కిందట గుంటూరు నుంచి ఒక విలేకరి వచ్చాడు. పెట్రోలు ధర పెరుగుతోందని, ఇలాంటి కార్లు వస్తే దేశం బాగుపడుతుందని ఉత్సాహంగా ఉన్నాడు. షాపులో బల్ల మీద కూర్చుని పుస్తకం తెరిచాడు. నేనూ అక్కడే ఉన్నాను.

"ఎందాకా పోద్దండీ మీ బండి? గుంటూరు పోద్దా?"

"పోదు" అన్నాడు వలి.

"రొంపిచెర్ల దాకన్నా?"

"కుప్ప కాడ నుంచి మెషీను గది దాకా. తొంభై గజాలు."

విలేకరి మొహం చిన్నబోయింది. "తొంభై గజాల కోసం ఇంత కష్టపడ్డారా?"

వలి చేతులు గుడ్డకు తుడుచుకున్నాడు.

"మా ఇంటామె అరవై గజాలు పరిగెత్తింది బాబూ" అన్నాడు. "నేను కొలిచా."

విలేకరి రాయడం ఆపాడు. గోడ అవతల నుంచి షకీలా, "నాయనా, గాలి చాలు" అని కేకేసింది. వలి లేచి వెళ్లి మోటారు కట్టేశాడు.