ఏటి ఎతికినావమ్మా?

మొన్న విమానాశ్రయంలో తనిఖీ చేసే అమ్మాయి నా నడుము చుట్టూ, కుచ్చిళ్ళ మీదా అరచేతులతో తడిమి “తాక్ అడా” అంది. మలాయిలో ఏమీ లేదని. ఆ చేతుల వెచ్చదనం తగలగానే చిన్నప్పటి సుంగై సుమున్ రబ్బరు తోట గేటు కళ్ళముందు నిలిచింది, గేటు దగ్గర మా సత్యవతి టీచరమ్మ.

మలయాలో బ్రిటిష్ వాళ్ళు పెట్టిన ఎమర్జెన్సీ రోజులు. అడవిలో ఉన్న కమ్యూనిస్టు గెరిల్లాలకు బియ్యం చేరకూడదని, పొద్దున్నే కంచె దాటే అందరినీ తడిమేవారు. మగవాళ్ళ వరస చొక్కాలు దులిపించుకుని సాగిపోయేది. మా వరస కదిలేది కాదు. కొప్పు, రవికె, చీర మడత, ఏదీ వదలరు. తడిమేది మా కూలి లైన్లలోని అప్పలమ్మే. పోలీసుకు వినబడేలా “తాక్ అడా” అని అరిచేది. నన్ను బడికి తీసుకెళ్ళే టీచరమ్మ మాత్రం ఎత్తిన చేతులు దించేది కాదు.

“ఏటి ఎతికినావమ్మా?”

“బియ్యమే, టీచరమ్మా.”

“అయితే బియ్యం నేవని సెప్పు. ఏటీ నేదంటే నాకేటీ నేనట్టుంటాది.”

“పొద్దెక్కితే రబ్బరు పాలు కారవు లా, నడువు టీచరమ్మా!” అని వెనక ఆడవాళ్ళు, మలాయివాళ్ళలా మాట చివర ‘లా’ తగిలించి, గోల. రోజూ ఇదే తంతు.

మెర్దెకా వచ్చింది, దేశం స్వతంత్రమైంది, నేను కౌలాలంపూర్ కాలేజీలో చేరాను. మనోవిశ్లేషణ చెప్పే లెక్చరరు, మగపిల్లాడికి ఉన్నది తనకు లేదని ఆడపిల్ల చూసుకున్న క్షణంలోనే ఆమె స్త్రీత్వం మొదలవుతుందన్నాడు. బతుకంతా ఆ లోటు చుట్టూనే అల్లుకుంటుందట. లేచి వాదించాను. ఆయన నవ్వాడు. “చూశారా, లోటు ఒప్పుకోలేని ఆడది ఇలాగే మగాడిలా వాదిస్తుంది.” క్లాసంతా నవ్వింది. కాదంటే రోగలక్షణం, ఊరుకుంటే ఒప్పుకోలు! ఇక చదవనని పెట్టె సర్దుకుని ఇంటికొచ్చేశాను.

టీచరమ్మ రంబుటాన్ పళ్ళు ఒలుస్తూ విన్నది. “కుర్రోడికుండీదొకటి నీ దగ్గర ఎతికినాడు, అది కనపడనేదు. దానికి నీకేటీ నేదనీసినాడా?”

“అంత తేలిక కాదు టీచరమ్మా. ఆ లోటు శరీరంలో కాదు, మగ శరీరానికి లోకం కట్టే విలువలో అని కూడా అర్థం చెప్పుకోవచ్చు.”

“అలాగైతే విలువ కట్టినోడ్ని అడగాల గానీ, పెట్టె సర్దీసుకుని వచ్చీడమేటే? నాకూ కుళ్ళుండీది, మగోళ్ళ వరస బేగి కదిలిపోతాదని. నోరు మూసుకున్నానా?”

తిరిగి కాలేజీకి వెళ్ళి, ఆ విలువ కట్టిందెవరని లెక్చరర్ని అడిగాను. జవాబుకు బదులు మళ్ళీ నా జబ్బు పేరే చెప్పాడు. మళ్ళీ అడిగాను. డిగ్రీ వచ్చింది, జవాబు రాలేదు. ఆ లోటు మాట ఇప్పటికీ నన్ను కుదురుగా ఉండనివ్వదు.

విమానాశ్రయంలో నేనూ చేతులు దించలేదు. “ఏం వెతికావమ్మా?” అని మలాయిలో అడిగాను. వెనక నుంచి ఎవరో, “పొండి లా, ఆంటీ!”

“కత్తి,” అంది అమ్మాయి చివరకు.

“అయితే కత్తి లేదని చెప్పు.”

చెప్పేదాకా నిలబడ్డాను.